కంపైల్ అయింది, రైతు పేరు మాత్రం దొరకట్లేదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ గురించి. ఇంటెల్ కంప్యూటర్లో ఏళ్ల తరబడి నడిచిన డేటాబేస్‌ను చిన్న బోర్డు కంప్యూటర్ మీదికో, పాత సర్వర్ మీదికో, ఎవరూ పెద్దగా వాడని ప్రాసెసర్ మీదికో మార్చబోయి ఇరుక్కున్నవాళ్లు రాశారు. నేనూ ఆ దారిలో నడిచినవాణ్ణే కాబట్టి మొదటి ఉత్తరానికి కాస్త పొడుగ్గానే జవాబు రాస్తున్నాను.

అన్నా, నమస్తే. ఏనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణానికి లెక్కల సాఫ్ట్‌వేర్ నేనే రాసి నడుపుతున్నాను. కాంటా తూకం, రైతుకిచ్చే తక్‌పట్టీలు, హమాలీ, రైతుల ఖాతాలు అన్నీ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లోనే ఉన్నాయి. పాత కంప్యూటర్ వేడికి మాటిమాటికీ ఆగిపోతోందని ఫోన్లలో ఉండే రకం ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న బోర్డు ఒకటి కొని, తేలిగ్గా ఉంటుందని ఆల్పైన్ లినక్స్ వేశాను. పాత డేటా ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో తెచ్చి పెడితే మొదటిసారికే స్టార్ట్ అయింది. వారం తర్వాత గుమాస్తా ఫోన్ చేసి, పేరు కొడితే రైతు లేడంటోంది అన్నాడు. నేను పోయి లిస్టు మొత్తం తీస్తే అదే రైతు అందులో ఉన్నాడు. అందరికీ ఇలా కావట్లేదు, కొందరికే అవుతోంది. ఎవరిని అడిగినా ఆ బోర్డు గురించి మాకు తెలియదంటున్నారు. మిర్చి సీజన్ ముంగట ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకుడు, వరంగల్)

తమ్ముడూ, మిగతాది చదివే ముందు ఒక పని చెయ్యి. ఆ బోర్డులో కొత్త ఎంట్రీలు ఇవాళే ఆపించు, రెండు రోజులు తక్‌పట్టీలు చేత్తో రాసుకున్నా పర్వాలేదు. ఎందుకో చెప్తాను.

నీ డేటా ఎక్కడికీ పోలేదు, చెడిపోయింది ఇండెక్స్. నిఘంటువులో ఒక మాట కోసం మొదటి పేజీ నుంచి చూసుకుంటూ పోము కదా, మధ్యలో తెరిచి మన మాట ముందుందా వెనకుందా అని చూసి అటు తిప్పుతాం. ఇండెక్స్‌లో వెతకడం కూడా అంతే, అందులో పేర్లు ఒక వరుసలో పేర్చి ఉంటాయి. అయితే ఆ వరుసను సొంతంగా నిర్ణయించేది పోస్ట్‌గ్రెస్ కాదు, ఏ పేరు ముందు ఏ పేరు వెనక అని అది కింద ఉన్న సి లైబ్రరీని (ప్రోగ్రాములన్నీ వాడుకునే ఉమ్మడి కోడ్‌ను) అడుగుతుంది. నీ పాత కంప్యూటర్లో ఉన్నది గ్లిబ్‌సి, దానికి భాషల వరుస తెలుసు. ఆల్పైన్‌లో ఉన్నది మజిల్ అనే చిన్న లైబ్రరీ. దానికి భాష పట్టదు, అక్షరాల వెనక ఉన్న బైట్లను మాత్రమే పోల్చి చూస్తుంది. పైగా నీ డేటాబేస్ అడిగిన తెలుగు లొకేల్ (భాష సెట్టింగ్) పేరు తన దగ్గర లేదని కూడా చెప్పదు, సరే అని ఊరుకుంటుంది. అంటే ఒకరు ఒక పద్ధతిలో పేర్చిన నిఘంటువును ఇంకొకరు వేరే పద్ధతిలో తిప్పుతున్నారు, కుడివైపు పోవాల్సిన చోట ఎడమకు పోయి లేడని చెప్తున్నారు. లిస్టు మొత్తం తీసినప్పుడు ఇండెక్స్‌తో పని లేదు కాబట్టి అప్పుడు మనిషి కనిపిస్తాడు. రెండు వరుసలూ చాలా పేర్ల విషయంలో ఒకేలా ఉంటాయి, అందుకే నీకు అందరి పేర్లతో ఈ గొడవ రాలేదు.

తేడా ఎక్కడ వస్తుందో ఒక ఊరి పేరుతో చూపిస్తాను. హసన్‌పర్తి అని ఫోన్‌లో టైప్ చేసినప్పుడు పొల్లు న తర్వాత ప దాని కిందికి వత్తుగా పోకుండా మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు పడుతుంది. అన్ని భాషల అక్షరాలకూ ప్రమాణమైన యూనికోడ్ వరుస నియమాల్లో దానికి విలువ లేదు, లేనట్టే చూస్తారు. బైట్ల లెక్కలో మాత్రం అది తెలుగు అక్షరాలన్నిటికన్నా పెద్దది, కాబట్టి ఆ ఊరి పేరు పోయి హసన్ తర్వాత ఇంకో తెలుగు అక్షరం వచ్చే పేర్లన్నిటికీ వెనకాల కూర్చుంటుంది. నీ దగ్గర పేర్లు కొన్ని ఇంగ్లిష్‌లో కూడా ఉంటే ఇంకా ఘోరం, బైట్ల వరుసలో పెద్ద అక్షరాలన్నీ అయ్యాకే చిన్న అక్షరాలు మొదలవుతాయి.

ఎంట్రీలు ఆపమన్నది ఇందుకు. పేరు కొడితే లేడని వచ్చినప్పుడు గుమాస్తా ఏం చేసి ఉంటాడు? ఎదురుగా రైతు నిలబడి ఉన్నాడు, బస్తాలు కాంటా మీద ఉన్నాయి, కొత్త ఖాతా తెరిచి ఉంటాడు. ఒకే పేరు రెండుసార్లు రాకూడదని నువ్వు పెట్టిన యూనిక్ నిబంధన కూడా అదే ఇండెక్స్‌ను నమ్ముకుని పనిచేస్తుంది, అందుకని అది అడ్డుపడదు. ఇప్పుడు ఆ రైతు పాత బాకీ ఒక ఖాతాలో, ఈ వారం అమ్మిన సరుకు ఇంకో ఖాతాలో ఉంటుంది. నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇదే. సాఫ్ట్‌వేర్ ఆగిపోతే మనకు తెలుస్తుంది, నడుస్తూనే తప్పు చెప్తే అది రైతు చేతిలో కాగితం మీదికి పోతుంది.

ఇక బాగుచేయడం. ముందు బోర్డు మీది డేటా ఫోల్డర్‌కు సర్వర్ ఆపి ఒక కాపీ తీసి పక్కన పెట్టు. తర్వాత ఏమ్‌చెక్ అనే ఎక్స్‌టెన్షన్ వేసి బీట్రీ ఇండెక్స్‌లు ఒక్కొక్కటీ పరీక్షించు, ఏవి చెడ్డాయో అదే చెప్తుంది. ఇండెక్స్‌ను కొత్తగా కట్టే రీఇండెక్స్ ఆదేశం కొడితే మామూలు ఇండెక్స్‌లు సర్దుకుంటాయి. యూనిక్ ఇండెక్స్ దగ్గర మాత్రం డూప్లికేట్లు ఉన్నాయని మొరాయిస్తుంది, అది మొరాయించిన ప్రతి పేరూ నువ్వూ గుమాస్తా కూర్చుని చూసుకోవాల్సిన పేరు. వాటిని స్క్రిప్టుతో కలిపేయకు, తండ్రి పేరూ ఊరూ చూసి చేత్తో కలుపు. ఒకే ఊళ్లో ఒకే పేరుతో ఇద్దరు నిజంగానే ఉంటారు.

అసలు మార్గం ఫోల్డర్ కాపీ కాదు. ఒక రకం మెషీన్ నుంచి ఇంకో రకం మెషీన్‌కు పోతున్నప్పుడు పీజీ డంప్ అనే టూల్‌తో డేటాను బయటికి తీసి కొత్త దాంట్లో లోడ్ చేయాలి, అప్పుడు ఇండెక్స్‌లన్నీ కొత్త మెషీన్ వరుసలోనే మళ్లీ కడుతుంది. నీది మొదటిసారికే స్టార్ట్ కావడం వల్లే నువ్వు మోసపోయావు. ఇంటెల్, ఆర్మ్ రెండూ 64 బిట్‌లో బైట్లను ఒకే క్రమంలో పేర్చుతాయి కాబట్టి ఫోల్డర్ తెరుచుకుంది, పోస్ట్‌గ్రెస్ వాటి మధ్య పెద్ద తేడా కనిపెట్టలేదు. 15వ వెర్షన్ నుంచి డేటాబేస్ మొత్తానికి కొలేషన్ (అక్షరాల వరుస నియమాలు) వెర్షన్ గుర్తుపెట్టుకునే ఏర్పాటు ఉంది, నీది ఆ తర్వాతదైతే లాగ్ ఫైల్లో కొలేషన్ అన్న మాటతో హెచ్చరిక ఏమైనా ఉందేమో ఒకసారి చూడు.

వరుస కోసం సి లైబ్రరీ మీద ఆధారపడకుండా ఉండాలంటే ఐసీయూ అనే భాషల లైబ్రరీ వాడు. పోస్ట్‌గ్రెస్‌లో అది 2017లో 10వ వెర్షన్‌తో వచ్చింది, 15 నుంచి డేటాబేస్ మొత్తానికి అదే డిఫాల్ట్‌గా పెట్టుకోవచ్చు. ఆల్పైన్‌లో ఇంకో చిక్కు ఉంది, అక్కడ ఐసీయూతో మామూలుగా వచ్చేది ఇంగ్లిష్ డేటా ఒక్కటే, అన్ని భాషలదీ కావాలంటే పూర్తి డేటా ప్యాకేజీ విడిగా వేసుకోవాలి. నన్నడిగితే ఈ బోర్డు మీద డెబియన్ లినక్స్ వేసుకో. డిస్కులో కాస్త చోటు ఎక్కువ తీసుకుంటుంది, అంతే, నువ్వు వెతికి పట్టుకోవాల్సిన తేడాలు సగానికి సగం తగ్గుతాయి. గ్లిబ్‌సి ఉన్నంత మాత్రాన నిశ్చింత అనుకోవద్దు. 2018లో వచ్చిన గ్లిబ్‌సి 2.28లో వరుస నియమాలు మారాయి, ప్రాసెసర్ మార్చకుండా ఉత్త ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేసినవాళ్లకు కూడా నీకొచ్చిన తిప్పలే వచ్చాయి.

ఇంకొక్కటి. పేరులో కొంత ముక్క కొట్టి వెతకడానికి ట్రైగ్రామ్ ఇండెక్స్ పెట్టుకున్నావా? పెట్టుకుంటే దాన్ని కూడా తప్పకుండా కొత్తగా కట్టు. సి భాషలో క్యారెక్టర్ అనే రకం ఇంటెల్ లినక్స్‌లో రుణ సంఖ్యలు కూడా పట్టేది, ఆర్మ్ లినక్స్‌లో ధన సంఖ్యలు మాత్రమే పట్టేది. 127 దాకా రెండు చోట్లా ఒకటే, ఆ పైన దారులు వేరవుతాయి. ఇంగ్లిష్ అక్షరాలన్నీ 127 లోపే, తెలుగు అక్షరాల బైట్లన్నీ ఆ పైనే. ఇంగ్లిష్ పేర్లతో టెస్ట్ చేసి అంతా బాగుందన్నవాళ్లకు ఈ తప్పు కనిపించే అవకాశమే లేదు. పోస్ట్‌గ్రెస్ వాళ్లు 2025లో వచ్చిన 18లో, డేటాబేస్ పుట్టిన మెషీన్‌లో ఈ క్యారెక్టర్ ఏ రకమో కంట్రోల్ ఫైల్లోనే రాసుకునే ఏర్పాటు చేశారు. దశాబ్దాల వయసున్న సాఫ్ట్‌వేర్‌కే ఇది మొన్న మొన్న సర్దాల్సి వచ్చిందంటే, నువ్వు ఇన్ని రోజులు కొట్టుకున్నందుకు చిన్నబోవాల్సిన పని లేదు.

ఈ క్యారెక్టర్ గొడవ నాకు ఎలా తెలుసంటే, చాలా ఏళ్ల కింద హనుమకొండలో ఒక మందుల దుకాణానికి నేను సి లో రాసిన చిన్న స్టాక్ డేటాబేస్‌ను ఆర్మ్ పెట్టెలోకి మార్చాను. తీసేసిన రికార్డు అని గుర్తుగా ఒక బైట్‌లో మైనస్ ఒకటి పెట్టేవాణ్ణి. కొత్త పెట్టెలో అదే బైట్ చదివితే 255 వచ్చింది, మైనస్ ఒకటితో పోలిస్తే సరిపోలేదు, దాంతో తీసేసిన రికార్డులన్నీ బతికి లేచాయి. ఎక్స్‌పైరీ అయి వాపస్ పంపిన మందులు స్టాక్‌లో ఉన్నట్టు స్క్రీన్ మీద కనిపించాయి. కంపైలర్ ఒక్క ఎర్రర్ చూపలేదు. దుకాణం ఆయన అలమర తెరిచి చూసి, ఈ డబ్బా ఇక్కడ లేదు కదా అని నన్ను అడిగిన క్షణం ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి పని పూర్తయిందని చెప్పే ముందు పాత మెషీన్లోనూ కొత్త మెషీన్లోనూ ఒకే వంద ప్రశ్నలు వేసి రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి పోల్చుతాను. నువ్వూ అలాగే చెయ్యి, ఆ వందలో తెలుగు పేర్లు, ఖాళీ పేర్లు, సున్నా తూకాలు, పోయిన సంవత్సరం తారీకులు ఉండేలా చూసుకో. పోస్ట్‌గ్రెస్‌ను నువ్వే కంపైల్ చేసి ఉంటే మేక్ చెక్ పరీక్షలు నడపకుండా దుకాణంలో పెట్టొద్దు.

అన్నా, నేను కాజీపేట నుంచి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు రిస్క్ ఫైవ్ అనే కొత్త రకం ప్రాసెసర్ ఉన్న బోర్డు తీసుకుని, మేము సి లో రాసుకున్న చిన్న డేటాబేస్‌ను దాని మీద నడపాలనుకున్నాం. ఫైల్ చదవడం మొదలుపెడితే ప్రోగ్రాము ఆగనే ఆగట్లేదు. ఇది వద్దు, ల్యాప్‌టాప్ మీద చూపించండి చాలు అని గైడ్ సార్ అంటున్నారు. వదిలేయాలా? (ఒక విద్యార్థిని)

వదలొద్దు చెల్లె. పై జవాబులో చెప్పిన క్యారెక్టర్ సంగతే నీది కూడా అయ్యుంటుంది, రిస్క్ ఫైవ్ లినక్స్‌లో కూడా ఆ రకం ధన సంఖ్యలదే. అక్షరం చదివి ఇచ్చే గెట్‌చార్ ఫంక్షన్ ఇచ్చిన విలువను క్యారెక్టర్‌లో దాచుకుని ఫైల్ అయిపోయిందా అని చూస్తున్నారేమో వెతుకు. అయిపోయిందన్న గుర్తు మైనస్ ఒకటి, అది 255గా మారిపోతే ఫైల్ ఎప్పటికీ అయిపోదు. కంపైలర్‌కు సైన్డ్ క్యారెక్టర్ ఫ్లాగ్ ఇచ్చి చూడు, ఆగితే జబ్బు అదే. ఆ ఫ్లాగ్‌తో సరిపెట్టుకోకుండా ఆ వేరియబుల్‌ను ఇంట్‌గా మార్చు.

రెండోది, ఫైల్లోంచి చదివిన బైట్లను పాయింటర్ మార్చి నేరుగా స్ట్రక్చర్‌గా వాడుతున్నారా? అలా చేస్తే నాలుగు బైట్ల సంఖ్య నాలుగుతో భాగించబడని చిరునామాలో పడొచ్చు. ఇంటెల్ దాన్ని పట్టించుకోదు. కొన్ని ప్రాసెసర్లు ప్రోగ్రామును అక్కడికక్కడే చంపేస్తాయి, కొన్నింట్లో కింది ఫర్మ్‌వేర్ ఆ పని చేసిపెడుతుంది కానీ చాలా నెమ్మదిగా. ఆ బైట్లను మెమ్‌కాపీ ఫంక్షన్‌తో వేరే చోటికి కాపీ చేసి తీసుకోండి. మీ ల్యాప్‌టాప్‌లోనే అండిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్ అనే తప్పులు పట్టే కంపైలర్ ఆప్షన్ పెట్టి నడిపితే ఇలాంటివి చాలావరకు బయటపడతాయి. క్యూఎమ్యూ అనే ఎమ్యులేటర్‌లో ఎస్390ఎక్స్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ రకం) పెట్టుకుని ఒకసారి నడిపి చూడండి, అది బైట్లను తిరగేసి పేర్చే రకం, ఆ పరీక్ష దాటితే బైట్ల క్రమం వల్ల మీ ఫైల్ ఎక్కడా ఆగదు. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఈ విషయంలో చేసింది చూసి నేర్చుకోండి, ఏ మెషీన్ మీద ఉన్నా ఫైల్లో సంఖ్యలను ఒకే క్రమంలో రాస్తుంది, అందుకే ఫోన్‌లోని ఫైల్ సర్వర్‌లో కూడా తెరుచుకుంటుంది.

మీ సార్‌కు ఒక మాట చెప్పు. మద్రాస్ ఐఐటీ శక్తి ప్రాసెసర్లు, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వేగ ప్రాసెసర్లు రెండూ రిస్క్ ఫైవ్ మీదే కట్టినవి. డెబియన్ 2025 ఆగస్టులో వచ్చిన 13వ విడుదల నుంచి 64 బిట్ రిస్క్ ఫైవ్‌ను అధికారికంగా తీసుకుంది. ఇంత దగ్గరికి వచ్చిన ప్రాసెసర్ మీద ఒక అమ్మాయి నిజమైన తప్పు పట్టుకుని సరిచేస్తే, ల్యాప్‌టాప్ మీద చూపించే ఏ డెమో కన్నా అదే మంచి ప్రాజెక్టు. పట్టుకున్న తప్పు, దిద్దిన లైను, ముందూ వెనకా అవుట్‌పుట్ రిపోర్టులో పెట్టండి.

మా ఆఫీసులో పాత ఐబీఎం పవర్ సర్వర్ మీద ఏఐఎక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, దాని మీద పోస్ట్‌గ్రెస్ ఉన్నాయి. కొత్త వెర్షన్ వేద్దామంటే రాదంటున్నారు. మెషీన్ తీసేయాలా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

వాళ్లు చెప్పింది నిజమేనండీ. 2024లో వచ్చిన 17లో ఏఐఎక్స్ మద్దతు తీసేశారు. మీరు 16 వేసుకుంటే దానికి 2028 నవంబర్ దాకా దిద్దుబాట్లు వస్తాయి, అంటే హడావుడి లేదు. మెషీన్ పవర్8 గానీ ఆ తర్వాతది గానీ అయితే దాని మీదే లినక్స్ నడుస్తుంది. ఏఐఎక్స్‌లో బైట్ల క్రమం ఒకటి, ఇప్పుడు పవర్ మీద వాడే లినక్స్‌లో దానికి తిరగేసిన క్రమం, కాబట్టి ఫోల్డర్ కాపీ ఇక్కడ అసలే పనికిరాదు, డంప్ తీసి లోడ్ చేయాల్సిందే. పాత డిస్కులు కనీసం ఒక ఆడిట్ అయ్యేదాకా చెరపనివ్వకండి.

రాస్ప్‌బెర్రీ పై 4లో నడిచిన డేటాబేస్ ప్రోగ్రాము 5లో పేజీ సైజు సపోర్ట్ లేదంటూ ఆగిపోతోంది. పైగా కరెంటు పోయి వచ్చినప్పుడు 4లో బిల్లుల మీద పాత తారీకు పడేది. (ఒక పాఠకుడు, ములుగు)

5లో మామూలుగా వచ్చే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) మెమరీని 16 కిలోబైట్ల ముక్కలుగా చూస్తుంది, మీ ప్రోగ్రాములోని జేఈమాలక్ అనే మెమరీ లైబ్రరీ 4 కిలోబైట్లకే కంపైల్ అయి ఉంటుంది. బూట్ పార్టిషన్‌లోని కాన్ఫిగ్ ఫైల్లో కెర్నల్ దగ్గర కెర్నల్8 ఇమేజ్ పేరు రాసి రీబూట్ చేయండి, 4 కిలోబైట్లకు మారుతుంది. తారీకు సంగతికొస్తే, 4లో గడియారం చిప్ లేదు. ఇంటర్నెట్ వచ్చేదాకా దానికి సరైన టైం తెలియదు. 5లో ఉంది కానీ చిన్న బ్యాటరీ విడిగా కొని తగిలించాలి. డేటాబేస్ వేగంగా నడుస్తుందని ఎవరైనా ఎఫ్‌సింక్ (రాసినది డిస్కులో పడేదాకా ఆగే ఏర్పాటు) ఆపేయమంటే మాత్రం వినకండి. మన దగ్గర కరెంటు పోకడ మీకు తెలిసిందే.

మా అబ్బాయి బీటెక్ అయి ఏడాది. ఉద్యోగం వెతకకుండా రాత్రంతా ఎవరూ వాడని ఏదో బోర్డు మీద డేటాబేస్ కంపైల్ చేస్తూ కూర్చుంటున్నాడు. దీని వల్ల వాడికేమైనా లాభముందా? మీరే చెప్పాలి. (ఒక తండ్రి, హనుమకొండ)

అయ్యా, మీ బాధ అర్థమైంది. వాడు చేస్తున్నది వృథా పని కాదు, కానీ ఇప్పుడు చేస్తున్న తీరు కొంచెం మారాలి. ఒక ప్లాట్‌ఫాం బతికేదీ పోయేదీ దాన్ని చూసుకునే మనుషులను బట్టే. పోస్ట్‌గ్రెస్‌కు 2004 నుంచి బిల్డ్‌ఫార్మ్ అని ఒక ఏర్పాటు ఉంది. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న వాలంటీర్లు తమ మెషీన్లను దానికి కలుపుతారు, ఒక్కో మెషీన్‌కు ఒక్కో జంతువు పేరు పెడతారు, కోడ్ మారినప్పుడల్లా అది తెచ్చుకుని కంపైల్ చేసి పరీక్షలు నడిపి ఫలితం పంపుతుంది. అమెరికాలో ఎవరో మార్చిన లైను ఫలానా ప్రాసెసర్ మీద పగిలిందని అసలు రాసినవాళ్లకు తెలిసేది అలాంటి మెషీన్ వల్లే. మీ వాడి బోర్డు అరుదైనదైతే అక్కడ దానికి విలువ ఎక్కువ.

వాడికి ఈ ఉత్తరం చూపించి నా మాటగా చెప్పండి. ఒంటరిగా రాత్రుళ్లు కొట్టుకోవడం ఆపి, దొరికిన ప్రతి తప్పునూ లాగ్‌తో సహా ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు పంపాలి. ఇంగ్లిష్ గొప్పగా ఉండనక్కర్లేదు, ఏ బోర్డు, ఏ కంపైలర్, ఏ టెస్ట్ ఫెయిలైంది, ఇంతే. తప్పు దిద్దిన కోడ్‌ను, అంటే ప్యాచ్‌ను, వాళ్లు తీసుకుంటే అది వాడి పేరుతో నిలుస్తుంది. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ చూసేవాళ్లు కొందరైతే అలాంటి ప్యాచ్ చూసి గంట సేపు మాట్లాడేవాళ్లు కొందరుంటారు, వాడికి కావాల్సింది ఆ రెండో రకం కంపెనీ. ఉద్యోగాలకు అప్లికేషన్లు పెట్టడానికి పొద్దున పూట రెండు గంటలు ఖచ్చితంగా ఇవ్వాలని కూడా చెప్పండి, అందులో నేను మీ వైపే. మీరు చేయగలిగిన సాయం ఒకటుంది. ఆ బోర్డు రాత్రీ పగలూ నడవాలి, అది కొద్ది వాట్లే తీసుకుంటుంది కాబట్టి కరెంటు బిల్లు గురించి బెంగ వద్దు. రౌటర్‌కూ దానికీ కలిపి ఒక చిన్న యూపీఎస్ కొనిపెట్టండి.